ఢాకా వెళ్లిన బోసు గారు

సైద్ధాంతిక భౌతికశాస్త్రం చదవాలన్న మా మనవడికి పేరున్న చోట సీటు రాలేదు. దిగులుపడుతుంటే సత్యేంద్రనాథ్ బోసు గారి సంగతి చెప్పాను.

వారు 1894లో కలకత్తాలో జన్మించారు. అక్కడే ఎమ్మెస్సీ ప్రథముడిగా ప్యాసై, అక్కడి విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పేవారు. 1921లో ఆ ఊరు వదిలి, అదే ఏడు ప్రారంభమైన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. ప్లాంకు సూత్రానికి అప్పటివరకు ఉన్న రుజువు తృప్తినివ్వక, కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతి కనిపెట్టారు. 1924లో ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపితే, ఆయనే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. తర్వాత రెండేళ్లు సెలవుపై పారిస్, బెర్లిన్‌లలో గడిపినా, బోసు గారు తిరిగి ఢాకాకే వచ్చి 1945 వరకు పనిచేశారు. 1974లో కన్నుమూశారు. బోసాన్ కణాలకు వారి పేరే పెట్టారు.

మారుమూలకు బదిలీ అయిందని ఒకప్పుడు నేనూ కుమిలిపోయినవాణ్ణే. ఈ కథ అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మనవడు మాత్రం మర్నాడే పెట్టె సర్దుకున్నాడు.