గరుకు దరువు

పోయిన వేసవిలో మా ఊరి జాతరలో తప్పెటగుళ్లు ఫోన్‌లో రికార్డు చేశాను. మాది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర. ఛాతీకి కట్టుకుని రెండు చేతులతో వాయించే ఆ తప్పెట దెబ్బ ఎదురుగా నిలబడి వింటే గుండెకి తగులుతుంది. ఫోన్‌లో వింటే చప్పగా ఉంది. దాన్ని హిప్‌హాప్ డ్రమ్ములా గరుగ్గా చేద్దామనుకున్నా. దానికి శాంప్లర్ కావాలి. అంటే ఏ శబ్దాన్నయినా ముక్కగా దాచుకుని, మీట నొక్కినప్పుడల్లా వినిపించే పెట్టె. పాతకాలం మోడల్ కొనాలా, ఇప్పటిది కొనాలా అని నెల రోజులు వెతికాను. ఎక్కడ చూసినా ఒకే పేరు తగిలింది, జె డిల్లా. నాకు ఊహ తెలియక ముందే చనిపోయిన మనిషి. కొనడం పక్కనబెట్టి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

అసలు పేరు జేమ్స్ యాన్సీ. 1974 ఫిబ్రవరి 7న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు. కార్ల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరది. అమ్మానాన్నలిద్దరికీ సంగీతం వచ్చు, ఇంట్లో రికార్డులకు కొదవ లేదు. మొదట్లో మామూలు టేప్ డెక్‌తోనే బీట్లు కట్టేవాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ల పేటలోనే ఉండే ఆంప్ ఫిడ్లర్ అనే కీబోర్డు కళాకారుడు తన ఎంపీసీ-60 ముందు కూర్చోబెట్టి నేర్పాడు. తర్వాత ఇద్దరు స్నేహితులతో కలిసి స్లమ్ విలేజ్ అనే బృందం కట్టాడు.

ఇక్కడ పెట్టెల గురించి కొంచెం చెప్పాలి. గరుకు డ్రమ్ములనగానే అందరూ చెప్పేది 1987లో ఈ-మ్యూ కంపెనీ తెచ్చిన ఎస్‌పీ-1200. అందులో 12 బిట్లు, సెకనుకి దాదాపు 26,000 శాంపిళ్లు, మొత్తం కలిపి పది సెకన్ల మెమరీ. మన సీఎస్ఈ లెక్కలో 12 బిట్లంటే శబ్దాన్ని 4,096 మెట్లలో కొలవడం. సీడీలో అయితే 65,536 మెట్లు. మెట్లు తగ్గేకొద్దీ శబ్దానికి గరుకు వస్తుంది. పది సెకన్లు చాలక అప్పటివాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకునేవారు. తర్వాత పెట్టెలో వేగం తగ్గించేవారు. అలా సాగదీసినప్పుడు మధ్యలో రావాల్సిన విలువల్ని అది లెక్కగట్టదు, ఉన్నవాటినే మళ్లీ వాడేస్తుంది. దాంతో అసలు శబ్దంలో లేని ఒక గరగర చేరుతుంది. మెమరీ కరువులోంచి పుట్టిన ఆ లోపం కోసం ఇప్పుడు జనం లక్షలు పోస్తున్నారు.

డిల్లా తొలి రోజుల్లో ఎస్‌పీ-1200 వాడాడు. కానీ ఆయన పేరుతో కలిసిపోయిన పెట్టె అకాయి ఎంపీసీ-3000. అది 1994లో వచ్చింది. 16 బిట్లు, అంటే సీడీ అంత శుభ్రం. ఇది చదివి నేను ఆగిపోయాను. మనం వింటేజ్ అని వెతుక్కుంటున్నది ఆయన చేతికొచ్చేసరికి కొత్త మెషీన్! మరి ఆ గరుకు ఎక్కడిది? చాలావరకు ఆయన ఏరి తెచ్చుకున్న పాత రికార్డుల్లోది. సూది కింద చిటపట, ఎప్పుడో ఎవరో టేపు మీద రికార్డు చేసిన డ్రమ్ములు. వాటిలోంచి ఏ ముక్క కొయ్యాలో ఆయన చెవికి తెలుసు.

రెండోది టైమింగ్. ఎంపీసీలో ఒక బీటుని 96 భాగాలు చేస్తారు. మనం కాస్త అటూ ఇటూగా కొట్టినా మెషీన్ దాన్ని సరైన గడిలోకి జరిపి సర్దుతుంది. డిల్లా చాలాసార్లు ఆ సర్దుబాటు తీసేసి చేత్తోనే కొట్టేవాడు. ఒక దెబ్బ రవ్వంత ముందు, ఇంకోటి రవ్వంత వెనక. తాగినవాడి నడకలా ఉంటుంది, కానీ పడిపోదు. ఫార్సైడ్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్, కామన్ లాంటివాళ్ల పాటలకు అలాంటి బీట్లే ఇచ్చాడు. తర్వాత అసలు డ్రమ్మర్లే ఆ తూగుడు నేర్చుకోవడానికి కష్టపడ్డారు.

2002లో యూరప్ నుంచి తిరిగొచ్చాక జబ్బు పడ్డాడు. టీటీపీ అనే అరుదైన రక్తపు జబ్బు అన్నారు. తర్వాత లూపస్ అని కూడా తేలింది. 2004లో లాస్ ఏంజిలస్ వెళ్లాడు. చివరికి డయాలసిస్ దాకా వచ్చింది.

ఈ మాట దగ్గర నాకు ఆయన పరాయివాడిగా అనిపించడం మానేశాడు. ఉద్దానంలో డయాలసిస్ అంటే ఏంటో పిల్లల్ని అడిగినా చెప్తారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మా తాత వారానికి మూడుసార్లు పలాస వెళ్లి నాలుగేసి గంటలు మెషీన్ మీద ఉంటాడు. టెక్కలిలో కాలేజీ కాబట్టి సెలవు రోజుల్లో నేనూ తోడు వెళ్తాను. ఒకప్పుడు మా ఊరి తప్పెటగుళ్ల జట్టులో ఆయన ముందు వరసలో ఉండేవాడు. పోయిన జాతరలో అరుగు మీద కూర్చుని చూశాడు.

డిల్లా ఆసుపత్రి మంచం మీద కూడా రికార్డులు వింటూ పని ఆపలేదు. వేళ్లు వాచిపోతే అమ్మ మౌరీన్ పట్టి సవరదీసేదట. 2005 చివర్లో చక్రాల కుర్చీలోనే యూరప్ వెళ్లి కచేరీలు ఇచ్చాడు. 31 ముక్కలున్న డోనట్స్ ఆల్బమ్ 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకి పోయాడు. ఆయన ఎంపీసీ-3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

నేను చివరికి కొత్త పెట్టె వైపే మొగ్గాను. రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2, సెకండ్ హ్యాండ్‌ది. పాత పెట్టె రిపేరుకొస్తే పలాసలో ఎవరికి చూపించాలి అన్నది ఒక కారణం. అసలు కారణం వేరే. 12 బిట్ల పెట్టెలోకి వెళ్లిన శబ్దం ఇక శుభ్రంగా వెనక్కి రాదు. కొత్తదాంట్లో అసలు రికార్డింగ్ అలాగే ఉంటుంది, గరుకు కావాలంటే కాపీకి కలుపుకోవచ్చు. ఎప్పటికీ పోగొట్టుకోకూడని శబ్దం ఒకటి నాకు ఉంది.

దసరా సెలవుల్లో తాతకి తప్పెట ఇచ్చాను. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, ఆ చేత్తో కొట్టకూడదు. కుడి చేత్తోనే మెల్లగా కొట్టాడు. కొన్ని దెబ్బలు ఆలస్యంగా పడ్డాయి, కొన్ని ముందే పడ్డాయి. పెట్టె వాటిని సర్దబోయింది. నేను ఆ సర్దుబాటు తీసేశాను.