సబ్బు బుడగల గ్రిఫిత్

చందూర్‌లో మా నాయనమ్మ ఇంటి గోడకు పర్రె పడింది. కంప్యూటర్ చదువుతున్నవ్ కదా, ఇది ఎంతదాక పోతదో చెప్పు అని నాయనమ్మ నన్ను పట్టుకుంది.

సెలవుల్లో లాప్‌టాప్‌లో గోడ గీసి, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టి రన్ చేశాను. త్రికోణాలు చిన్నవి చేసినకొద్దీ పర్రె కొసన ఒత్తిడి పెరుగుతూనే పోయింది. రెండు రాత్రులు బగ్ వెతికాను. బగ్ లేదు! ఈ చిక్కును 1920లోనే ఒకాయన దాటాడని తర్వాత తెలిసింది.

అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ 1893లో లండన్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌లో మెకానికల్ చదివి, 1915లో ఫార్న్‌బరో విమానాల ఫ్యాక్టరీలో చేరాడు. మెలితిప్పిన కడ్డీలో ఒత్తిడి ఎంతో, వంకర ఆకారాలకు కాగితం మీద తేలదు. అందుకని 1917లో ఆయన, జి.ఐ. టేలర్ కలిసి, రేకులో కడ్డీ అడ్డుకోత ఆకారంలో రంధ్రం చేసి, దానిమీద సబ్బు పొర పరిచి, కొంచెం ఉబ్బించి వాలు కొలిచారు. వాలు ఎక్కువున్న చోట ఒత్తిడి ఎక్కువ. రెండింటి సమీకరణం ఒకటే మరి. నా లెక్కలో ఇదీ సిమ్యులేషనే, కరెంటు అక్కర్లేనిది.

తర్వాత పగుళ్ల మీద పడ్డాడు. కొస ఎంత సూదిగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువని 1913లోనే ఇంగ్లిస్ చూపించాడు. పూర్తిగా సూదైతే అది అనంతం. అట్లయితే చిన్న గీతకే గాజు పగిలిపోవాలి కదా? గ్రిఫిత్ ఒత్తిడిని పక్కనపెట్టి శక్తి లెక్క తీశాడు. పగులు పెరిగితే వస్తువులో దాగిన శక్తి కొంత విడుదలవుతుంది, కొత్త అంచులు పుట్టడానికి కొంత ఖర్చవుతుంది. రాబడి ఖర్చును దాటితే పగులు పరుగెత్తుతుంది. పగులు నాలుగింతలైతే గాజు బలం సగమే. పగుళ్లున్న గాజు బుడ్లు, గొట్టాలు పగలగొట్టి మరీ చూసుకున్నాడు.

ఆ తర్వాత ఇంజన్ల వైపు పోయాడు. ఫ్రాంక్ విటిల్ జెట్ ఆలోచన తన ముందుకొస్తే ప్రోత్సహించలేదు. అంత మేధావికీ అక్కడ చూపు ఆనలేదు. 1939లో రోల్స్ రాయిస్‌లో చేరాడు, 1963లో పోయాడు. లోహాలకు ఆయన లెక్కను సరిచేసి అందరిచేతా వాడించింది ఇర్విన్.

నేనూ కోడ్‌లో ఒత్తిడి బదులు శక్తి అడిగాను. త్రికోణాలు ఎంత చిన్నవి చేసినా అంకె నిలబడింది. కానీ ఇటుక, సున్నం గోడ గాజు కాదు, అందుకే నాయనమ్మకు ఆ అంకె చెప్పలేదు. పర్రె కొసన పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాసొచ్చాను. మొన్న ఫోన్ చేస్తే ఇంకా గీత దాటలేదంది.