ఒంగోలు ఆకతాయి

మన రొళ్ల బస్టాండులో గానీ, మడకశిర, హిందూపురం వీధుల్లో గానీ బడి ఎగ్గొట్టి గుంపుగా తిరిగే కుర్రవాణ్ణి చూస్తే మీ నోట ముందుగా వచ్చే మాట ఏమిటి? వీడు చెడిపోయాడు, ఇక బాగుపడడు అనేగా! 2015 నాటి బాలల న్యాయ చట్టం 18 ఏళ్లలోపు వాణ్ణి నేరస్థుడని పిలవడానికి కూడా ఒప్పుకోదు. ఊరు మాత్రం ఒక్కసారి పేరు పెట్టిందంటే అంతే.

అలా పేరు పడిన ఒక కుర్రవాని సంగతి ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన మీకు తెలిసినవారే. టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య కరణం. కొడుక్కి 11 ఏళ్లప్పుడు ఆయన కన్నుమూశారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకింది. ఆ రోజుల్లో అది నలుగురూ గౌరవించే పని కాదు. పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడే తల్లికి కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో చూసే తీరిక ఎక్కడిది చెప్పండి? పిల్లవాడికి వీధే ఇల్లయింది. అల్లరిమూకతో సావాసం, నాటకాలు, ఆడవేషాలు. చదువు కుంటుపడింది.

తప్పు ఆ తల్లిదని తొందరపడి అనకండి. ఒకసారి పరీక్ష ఫీజు 3 రూపాయలు కట్టవలసి వచ్చింది. బావగారిని అడుగుదామని కుర్రవాడు మైళ్లకు మైళ్లు నడిచి వెళ్లి, వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. సుబ్బమ్మ తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టింది. ఎంత తిరిగినా ఆ పిల్లవాడు ఇంటికి దూరం కాకపోవడానికి ఇలాంటివే కారణమని నాకు తోస్తుంది. తిట్లకు లొంగనివాడు కూడా తాకట్టులో ఉన్న అమ్మ చీరను మరిచిపోలేడు కదా!

ఇక బడి. మిషన్ పాఠశాలలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఉండేవారు. జీతం కట్టలేని ఈ కుర్రవాణ్ణి ఆయన చేరదీశారు. నాటకాల పిచ్చి ఉందని వెళ్లగొట్టలేదు. ఆయనకూ నాటకాలంటే ఇష్టమే! పిల్లవాడు దేనివెంట పరుగెత్తుతున్నాడో తెలిసిన గురువు కనుక, తానూ ఆ దారిలోనే ఎదురువెళ్లి చెయ్యి పట్టుకున్నారు. తాను రాజమండ్రికి మారినప్పుడు శిష్యుణ్ణీ వెంట తీసుకుపోయారు. ఒంగోలు సావాసాలు అలా వెనకబడ్డాయి.

ఊరు మారినంత మాత్రాన బుద్ధిమంతుడయ్యాడనుకుంటున్నారా? లేదు. రాజమండ్రిలోనూ అల్లరి స్నేహితులు దొరికారు. అటువంటివాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు లెండి! అయినా నాయుడుగారు విసుగు చెందలేదు. మద్రాసు పంపి న్యాయశాస్త్రం చదివించారు. సొంత బిడ్డ కాదు, బంధువూ కాదు.

తర్వాతి కథ మీరు పాఠాల్లో చదివినదే. మద్యం, మాంసం, పొగ ముట్టనని తల్లికి మాట ఇచ్చి 1904లో ఇంగ్లండు వెళ్లారు, బారిస్టరై వచ్చారు. 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టి, సంపాదించినదంతా దానిలో పోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీ ఎదుట రొమ్ము చూపి ఆంధ్రకేసరి అయ్యారు. ఆ తెగువలో ఒంగోలు వీధుల పాలు కొంత ఉండే ఉంటుంది. 1953 అక్టోబరు 1న మన అనంతపురం జిల్లాతో కలిపి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. 1957 మే 20న మరణించారు.

అంతటి మనిషి 'నా జీవిత యాత్ర'లో తన చిన్ననాటి చెడు సావాసాలను దాచిపెట్టలేదు. పూటకూళ్ల ఇంటినీ దాచలేదు. నాయుడుగారి రుణం కూడా అక్కడే రాసుకున్నారు.