పంతులుగారి ఇల్లు

పుష్కరములకు రాజమహేంద్రవరము పోవువారు గోదావరిలో స్నానము చేసి మరలి వచ్చుచుందురు గాని, ఆ పట్టణములోని కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటిని చూచి వచ్చువారు అరుదు. పురావస్తు శాఖవారు బాగుచేయించి స్మారక గృహముగా కాపాడుచున్న పాత ఇల్లది. చూపునకు రాజభవనము కాదు. అయినను ఆ గోడల నడుమ జరిగిన సంగతులు రాజభవనములలో జరుగునవి కావు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు ఆ పట్టణముననే జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా పెదతండ్రి వేంకటరత్నముగారు పెంచిరి. పసినాటి నుండియు ఉబ్బసము పీడించెడిది. 1861లో బాపమ్మ అను బాలికతో వివాహమయ్యెను. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అను పేరు కలిగినది. ధవళేశ్వరమున ఉపాధ్యాయులై యుండగా 1874లో వివేకవర్ధని పత్రికను, బాలికల పాఠశాలను నెలకొల్పిరి.

ఆ పత్రికలోనే 1878లో రాజశేఖర చరిత్రము వెలువడ నారంభించి, 1880లో గ్రంథమైనది. తెలుగున తొలి నవల ఏదియను వాదమును పండితులకు విడుతము. ముఖస్తుతులకు లొంగి, బంగారము చేసెదనన్న యోగిని నమ్మి ఇల్లు గుల్ల చేసికొన్న గృహస్థు కథ అది. అట్టివారు మన గ్రామములలోను కనబడుదురు గనుకనే చదువరులకు అది పరాయి కథగా తోచదు. అందులో రాజశేఖరుని కుమార్తె రుక్మిణి భర్త మరణించెనని వార్త వచ్చును. తుదకు అతడు సజీవుడై తిరిగి వచ్చును. కథలో భర్తను బ్రతికించుట రచయితకు సాధ్యమే. ఊరిలోని బాలవితంతువులకు ఆ వరము లేదు.

వారికొరకు పంతులుగారు తమ ఇంటి తలుపులే తెరచిరి. 1881 డిసెంబరు 11న గౌరమ్మకు, గోగులపాటి శ్రీరాములుగారికి ఆ ఇంట వివాహము జరిగెను. వీధిలో అల్లరి జరుగునను భయముండెను. విద్యార్థులు అండగా నిలిచిరి. పోలీసువారు కావలి కాచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. నాలుగు నాళ్ళకే మరియొక వితంతు వివాహము జరిగినది.

పిమ్మట వెలి వచ్చి పడెను. బంధువులు రాకపోకలు మానిరి. వంటవారు, నీళ్ళు మోయువారు మానుకొనిరి. ఉపన్యాసములకు, వాదములకు పంతులుగారు చాలుదురు. బిందెడు నీళ్ళకు ఎవరు చాలుదురు? రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్ళు మోసి తెచ్చి, ఇంటనున్న పెండ్లివారికి వండి పెట్టిరి. రేవున నలుగురి మాటలు పడినది ఆమె. సంఘసంస్కరణ చరిత్రలు పంతులుగారి కలమును పొగడినంతగా ఆమె బిందెను పొగడకపోవుట న్యాయము కాదు. ఆ దంపతులకు సంతానము లేదు. ఆశ్రయము కోరి వచ్చిన అనాథ వితంతువులే బిడ్డలైరి.

1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిరి. అటుపిమ్మట తొమ్మిదేండ్లు ఒంటరిగా గడపి, 1919 మే 27న చెన్నపట్టణమున, ఆంధ్రకవుల చరిత్రమును సవరించుచున్న దినములలోనే పంతులుగారు పరమపదించిరి.

ఆ ఇంటికి పోయినవారు పంతులుగారి జ్ఞాపకచిహ్నములను చూచి, గోదావరి రేవు వరకు ఒకమారు కాలినడకన పోయి రావలెను. రాజ్యలక్ష్మమ్మగారు నిండు బిందెతో నడచిన దారి ఎంతయో అప్పుడు తెలియును.