మంచం పట్టినవాళ్ళను లేపిన డాక్టరు

సైన్సు మేడమ్ వెన్నుపాము పాఠం చెప్పేటప్పుడు ఒక డాక్టరు పేరు చెప్పింది. ఆయన పేరు లుడ్విగ్ గుట్‌మన్. ఆ రోజు నాకు మా మావ గుర్తొచ్చిండు. అందుకే ఈసారి గోడపత్రికలో ఈయన గురించి రాస్తున్నాను.

గుట్‌మన్ 1899 జూలై 3న జర్మనీలోని టోస్ట్ అనే ఊరిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. 1917లో బొగ్గుగని కార్మికుల ఆసుపత్రిలో పనిచేస్తుండగా వెన్నెముక విరిగిన ఒక కార్మికుణ్ణి తెచ్చారు. ఇతను ఎట్లాగూ బతకడు, వివరాలు రాయడం దండుగ అని పెద్ద డాక్టరు చెప్పారు. కొన్ని వారాలకు ఆ మనిషి పుండ్లు చీము పట్టి చనిపోయాడు. గుట్‌మన్ ఆ సంగతి జీవితాంతం మర్చిపోలేదు.

తర్వాత ఆయన నరాల డాక్టరు అయ్యారు. ఆయన యూదుడు. 1933లో హిట్లర్ ప్రభుత్వం వచ్చాక ఉద్యోగం పోయింది. బ్రెస్లావ్‌లో యూదుల ఆసుపత్రికి వెళ్ళి, తర్వాత దానికి పెద్ద అయ్యారు. 1938 నవంబరులో యూదుల మీద దాడులు జరిగిన రాత్రి, వచ్చినవాళ్ళందర్నీ రోగులుగా చేర్చుకోమన్నారు. 64 మందిలో 60 మందిని కాపాడారు. 1939లో కుటుంబంతో ఇంగ్లండు వెళ్ళిపోయారు.

1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగం ఆయన చేతికి వచ్చింది. అప్పటిదాకా అలాంటి వాళ్ళు ఎక్కువమంది తొందరగానే చనిపోయేవారు. ఆయన మందు ఏమిటో తెలుసా? రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పడం! రాత్రి కూడా. పుండ్లు పడకుండా, మూత్రం దగ్గర చీము పట్టకుండా చూడడం. ఆ తర్వాత పని నేర్పడం, ఆటలు ఆడించడం.

1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే ఆయన 16 మందితో విలువిద్య పోటీ పెట్టించారు. విల్లు మన కోయోళ్ళకు కొత్త కాదు, దానికి చేతుల బలం చాలు. ఆ పోటీ పెరిగి 1960లో రోమ్‌లో 23 దేశాల వాళ్ళు ఆడారు. అదే మొదటి పారాలింపిక్స్. 1961లో బ్రిటన్‌లో వికలాంగుల క్రీడా సంఘం స్థాపించారు. అదే ఏడాది పుట్టిన అంతర్జాతీయ పారాప్లీజియా వైద్య సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యారు. తనకు తెలిసిన వైద్యం అన్ని దేశాల డాక్టర్లకూ తెలియాలని ఆయన తపన. 1966లో సర్ బిరుదు వచ్చింది. 1980 మార్చి 18న కన్నుమూశారు.

మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచింది ఆ పారాలింపిక్స్‌లోనే.

మా మావ తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి కాళ్ళు పడిపోయినయ్. ఇంక ఇంతే అని అందరూ అన్నరు. పండుగ సెలవుల్లో నేను అత్తకు ఈ రెండు గంటల సంగతి చెప్పిన. అత్త రాత్రుళ్ళు లేచి తిప్పుతున్నది. ఒక పుండు ఆరింది, ఇంకోటి ఆరలేదు. మావ చేతుల్లో బలం బాగా ఉన్నది. చక్రాల కుర్చీకి దరఖాస్తు ఎట్లా పెట్టాలో తెలిసిన సార్లు, మేడమ్‌లు దయచేసి నాకు చెప్పగలరు.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని