కాకతి రుద్రమదేవి

ఆంధ్రదేశము నేలిన రాజవంశములలో కాకతీయ వంశము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఓరుగల్లు వారి రాజధాని. పలువురు మహావీరులు అధిష్ఠించిన ఆ సింహాసనముపై ఒక వనిత కూర్చుండి, క్రీ. శ. 1262 మొదలు 1289 వరకు తెలుగునేలను పరిపాలించెను. ఆమెయే రుద్రమదేవి. ఆమె శత్రువులతో చేసిన యుద్ధములను గూర్చి అందరును చెప్పుకొందురు. కాని అంతకు ముందే ఆమెకును, ఆమె తండ్రికిని మరియొక చిక్కు ఎదురయ్యెను. అది శాస్త్రముతోను, ఆచారముతోను వచ్చిన చిక్కు. దానిని వారెట్లు దాటిరో తెలిసికొనుట అవసరము.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన క్రీ. శ. 1199లో రాజ్యమునకు వచ్చి, అరువది యేండ్లకు పైగా పాలించెను. చీలిపోయియున్న తెలుగు ప్రాంతములను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. మోటుపల్లి రేవునకు వచ్చు విదేశవర్తకులకు అభయశాసన మిచ్చి వాణిజ్యమును పెంపొందించెను. ఇన్ని సంపదలు గల ఆ చక్రవర్తికి పుత్రసంతానము మాత్రము లేకపోయెను. గణపాంబ, రుద్రమ అను కుమార్తెలు ఉండిరి. గణపాంబను ధరణికోట నేలుచున్న కోట వంశపు బేతరాజునకిచ్చి వివాహము చేసిరి. వివాహమైన కన్య భర్త గోత్రమున చేరును. కావున ఆమె పుట్టినింటి రాజ్యమునకు వారసురాలు కాజాలదు. ఇక మిగిలినది రుద్రమ.

ఆ కాలమున రాజ్యాధికారము తండ్రి నుండి కుమారునకు వచ్చెడిది. తండ్రికి పిండప్రదానము చేయువాడే తండ్రి ఆస్తికి హక్కుదారుడని ధర్మశాస్త్రములు చెప్పుచుండెను. ఆడుబిడ్డకు ఆ అధికారము లేదు. కుమార్తెకు రాజ్యమిచ్చినచో సామంతులు తల వంతురా? పురోహితులు పట్టాభిషేకమునకు సమ్మతింతురా? ఆమెను పెండ్లాడిన వాడు రాజ్యము తనదని అనడా? గణపతిదేవుని మనస్సును కలచిన ప్రశ్నలివి.

ఆ చిక్కునకు విరుగుడు కూడ ధర్మశాస్త్రములందే దొరకెను. కుమారులు లేని తండ్రి తన కుమార్తెనే కుమారునిగా ప్రకటింపవచ్చునని స్మృతులలో ఒక విధానము కలదు. అట్టి కుమార్తెను పుత్రిక యందురు. ఆమెకు పుట్టిన కుమారుడు మాతామహుని వంశమునకే చెందును. ఆయనకే పిండము పెట్టును. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్యలో ఈ విషయము విచారింపబడినది. ఆ మితాక్షరనే ఇంచుమించు ఆ కాలముననే కేతన కవి విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. అనగా దాయభాగమును గూర్చిన చర్చలు నాటి తెలుగు పండితులకు సుపరిచితములు. గణపతిదేవుడు ఈ మార్గమునే అనుసరించెను. మంత్రియైన శివదేవయ్య ఆయనకు ఈ సలహా చెప్పెనని ప్రతీతి. రుద్రమకు రుద్రదేవుడను పురుషనామము నిచ్చి, కుమారునిగా భావించి, రాజ్యార్హమైన విద్యలు నేర్పించిరి. పెక్కు శాసనములలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అనియే కనబడును. రాచకొలువులో ఆమె పురుషవేషమును ధరించెడిదని లోకము చెప్పుకొనును.

తరువాతది వివాహము. సామాన్యముగా రాజకన్యల వివాహములు స్నేహము కొరకో, సంధి కొరకో జరిగెడివి. రుద్రమ వివాహమున మరియొక జాగ్రత్త అవసరమయ్యెను. వరుడు గొప్ప వంశమువాడు కావలెను. కాని ఓరుగల్లును కోరువాడు కారాదు. కాకతీయులు తాము చతుర్థవర్ణము వారమని కొన్ని శాసనములలో చెప్పుకొనిరి. వరునిగా ఎంచుకొన్నవాడు నిడదవోలు నేలుచున్న చాళుక్య వీరభద్రుడు. చంద్రవంశ క్షత్రియులుగా పేరొందిన తూర్పు చాళుక్యుల కుదురువాడు. వర్ణభేదము ఈ వివాహమునకు అడ్డు రాలేదు. వీరభద్రుడు కాకతీయ సింహాసనముపై ఎన్నడును కూర్చుండలేదు. భార్య చక్రవర్తిని, భర్త ఆమె రాజ్యమున ఒక సామంతుడు. ఆనాటికి ఇది వింత ఏర్పాటే.

వృద్ధుడైన గణపతిదేవుడు క్రీ. శ. 1259 ప్రాంతము నుండి రుద్రమను తనతోపాటు రాజ్యపాలనలో నిలిపెను. క్రీ. శ. 1261 నాటి మల్కాపుర శాసనము ఆమె ధర్మబుద్ధికి నిదర్శనము. తండ్రి చేసిన వాగ్దానమును నెరవేర్చి, ఆమె విశ్వేశ్వర శివాచార్యునకు కృష్ణాతీరమున మందడము గ్రామమును దానము చేసెను. ఆ ధర్మము వలన అచట మఠము, విద్యాలయము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినవి. ఏడువందల యేండ్లకు పూర్వము తెలుగునాట స్త్రీలకు ప్రసూతిశాల యుండెనన్న మాట మనకెల్లరకును గర్వకారణము.

ఇంతలో దక్షిణమున పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు దండెత్తి వచ్చెను. నెల్లూరి చెంత ముత్తుకూరు యుద్ధమున కాకతీయసేన ఓడిపోయెను. గణపతిదేవుడు క్రమముగా రాజకార్యములనుండి తప్పుకొనెను. భారమంతయు రుద్రమపై పడెను.

శాస్త్రము దారి చూపినను, అందరి మనస్సులు మారలేదు. స్త్రీ కొలువున నిలుచుట చిన్నతనమని తలచిన సామంతులు తిరుగబడిరి. హరిహరదేవుడు, మురారిదేవుడు అను దాయాదులు ఓరుగల్లును ఆక్రమింపజూచిరని ప్రతాపచరిత్రము చెప్పును. రుద్రమ వెనుదీయలేదు. రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి, కాయస్థ జన్నిగదేవుడు మొదలైన వీరులు ఆమె పక్షమున నిలిచిరి. కాకతీయ రాజ్యమును నిలబెట్టిన ఘనతను ప్రసాదిత్యుడు బిరుదుగా పొందెను.

పడమట దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఇదే అదనని దండు వెడలెను. ఈ యుద్ధమును గూర్చి రెండు పక్షములవారు రెండు విధములుగా చెప్పుకొనిరి. యాదవుల మంత్రియైన హేమాద్రి, స్త్రీ యగుటచేత తమ రాజు రుద్రమను విడిచిపెట్టెనని వ్రాసెను. ఇచటి గ్రంథములు రుద్రమ యాదవులను దేవగిరి వరకు తరిమెనని చెప్పినవి. ఏది నిజము? బీదరు కోటలో ఆమె సామంతుడు భైరవుడు వేయించిన శాసనము దొరకినది. యాదవుల నేలగానుండిన బీదరు ప్రాంతము రుద్రమ వశమైనదని దానివలన తెలియుచున్నది. విడిచిపెట్టబడిన వారి శాసనములు గెలిచినవారి నేలపై వెలయవు కదా! తూర్పున గోదావరీ మండలమును కళింగ గాంగులనుండి పోతినాయకుడు, ప్రోలినాయకుడు ఆమె తరపున మరల సాధించిరి.

రుద్రమ రాయగజకేసరి యను బిరుదు ధరించెను. శత్రురాజులను ఏనుగులకు సింహము వంటిదని దాని భావము. ఓరుగల్లు కోటలో తండ్రి కట్టించిన రాతిగోడను ఎత్తు పెంచి, దాని చుట్టును మట్టికోటను, కందకమును నిర్మించెను. ఆమె పాలన ముగిసిన కొలది కాలమునకే తీరమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఈ దేశమున ఒక రాణి న్యాయముగా పాలించెనని, ఇచటి వజ్రములు, సన్నని వస్త్రములు సాటిలేనివని వ్రాసెను. ఐతే ఆయన ఆమెను రాజు భార్యగా భావించెను. కుమార్తె రాజ్యమేలునను ఊహ ఆయనకు తట్టియుండదు.

కాలము మరియొక పరీక్ష పెట్టెను. పుత్రిక యను విధానమున వంశము నిలుచుటకు ఆమెకు కుమారుడు కలుగవలెను. రుద్రమకును పుత్రులు లేరు. తండ్రి యెదుర్కొన్న చిక్కే కుమార్తెకును వచ్చెను. ఆమె తండ్రి వేసిన బాటనే మరియొక అడుగు పొడిగించెను. తన కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తత చేసికొని, యువరాజుగా తీర్చిదిద్దెను.

చివరి దినములలో కాయస్థ అంబదేవుడు ఎదురు తిరిగెను. ఆమెకు తోడ్పడిన జన్నిగదేవుని సోదరుడే అతడు. వృద్ధురాలైనను రుద్రమ స్వయముగా సేనతో బయలుదేరెను. నల్లగొండ మండలములోని చందుపట్ల గ్రామమున ఒక శాసనము కలదు. రుద్రమయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని, క్రీ. శ. 1289 నవంబరులో వారి పుణ్యమునకై ఒక సేవకుడు భూమి దానము చేసెనని అది చెప్పుచున్నది. అంబదేవునితో జరిగిన పోరులోనే ఆమె నేలకొరిగెనని చరిత్రకారుల అభిప్రాయము. ప్రతాపరుద్రుడు ఏ అడ్డంకియు లేక రాజయ్యెను, క్రీ. శ. 1323 వరకు పాలించెను.

ఇతర దేశముల చరిత్రను కూడ చూడుడు. ఢిల్లీలో రజియా సుల్తానా క్రీ. శ. 1236లో రాజ్యమునకు వచ్చి నాలుగేండ్లకే పదవీచ్యుతురాలయ్యెను. ఫ్రాన్సులో క్రీ. శ. 1317లో స్త్రీకి సింహాసనార్హత లేదని తీర్మానించిరి. ఇంగ్లండులో 1701 నాటి చట్టము, కాథలిక్కు మతస్థులను పెండ్లాడిన వారికి రాజ్యము లేదని శాసించెను. 2013లో చేసిన చట్టము 2015లో అమలునకు వచ్చిన పిమ్మటనే ఆ నిషేధము తొలగినది; తమ్మునికంటె ముందు పుట్టిన అక్కకు అగ్రస్థానము దొరకినదియు అప్పుడే.

గణపతిదేవుడు ఆచారమును ధిక్కరింపలేదు. దాని లోపలనే ఒక ద్వారము వెదకెను. కాని ఆ ద్వారము తెరచుట మాత్రము చాలదు. లోపలికి పోయి నిలుచువారి శక్తి కూడ కావలెను. రుద్రమ తండ్రి ఇచ్చిన పురుషనామముతో సింహాసన మెక్కెను. తన పరాక్రమముతో దానిపై నిలిచెను. నేడు ప్రజలు ఆమెను రుద్రదేవ మహారాజని పిలుచుట లేదు. రుద్రమదేవి యనియే తలచుకొనుచున్నారు.