చీకట్లో పేర్లు పిలిచిన లూసీ బర్న్స్

నవంబరు 14 అనగానే మనకు నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం గుర్తొస్తాయి. హెర్న్‌డన్ తెలుగు కుటుంబాలు ఉంటున్న ఈ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఆ తేదీకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1917లో ఆ రాత్రి మన కౌంటీలోనే లోర్టన్ దగ్గరున్న ఆకోక్వాన్ వర్క్‌హౌస్ జైల్లో 33 మంది మహిళలను గార్డులు ఈడ్చి, కొట్టి గదుల్లో పడేశారు. వాళ్లు అడిగింది ఓటు హక్కు. ఇక్కడి చరిత్రలో దానికి ‘భయానక రాత్రి’ అని పేరు. ఆ రాత్రి జైల్లో ధైర్యం చెదరకుండా నిలబడిన మనిషి లూసీ బర్న్స్.

లూసీ 1879 జులై 28న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. ఐరిష్ మూలాలున్న క్యాథలిక్ కుటుంబం. ఆడపిల్లలకూ పెద్ద చదువులు కావాలని నమ్మిన తండ్రి ఎంతవరకైనా చదువుకోమన్నారు. ఆమె 1902లో వాసర్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి, యేల్‌లో చదివి, బ్రూక్లిన్‌లోనే ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. తర్వాత పై చదువులకు జర్మనీకి, అక్కడి నుంచి ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లారు. మనలాగే చదువు కోసం దేశం దాటిన మనిషి.

ఆ చదువు మధ్యలోనే ఆగింది. ఇంగ్లాండ్‌లో అప్పటికి ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నాయకత్వంలో ఓటు హక్కు ఉద్యమం జోరుగా సాగుతోంది. లూసీ అందులో దిగారు. అరెస్టయ్యారు, జైల్లో నిరాహార దీక్ష చేశారు. 1909లో లండన్‌లోని ఒక పోలీస్ స్టేషన్‌లో ఆమె కోటు మీదున్న చిన్న అమెరికా జెండా బ్యాడ్జీ చూసి ఇంకో యువతి పలకరించింది. ఆమె పేరు ఆలిస్ పాల్. ఆ పరిచయమే తర్వాత అమెరికా ఉద్యమానికి దారి చూపింది.

1912లో లూసీ స్వదేశం చేరారు. 1913 మార్చి 3న, అధ్యక్షుడిగా విల్సన్ ప్రమాణ స్వీకారానికి ఒకరోజు ముందు, వాషింగ్టన్ వీధుల్లో వేలాది మహిళలతో ఊరేగింపు జరిగింది. నిర్వహించింది ఆలిస్, లూసీల బృందమే. అందులో నల్లజాతి మహిళలను వెనక నడవమన్నారు. ఈ ఉద్యమానికి అది మాయని మచ్చ.

1917 జనవరి 10 నుంచి వాళ్లు వైట్‌హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని మౌనంగా నిలబడటం మొదలుపెట్టారు. ఎండైనా, మంచైనా నిలబడ్డారు. ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. బయటి దేశాల్లో ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్నామంటూ ఇంట్లో ఆడవాళ్లకు ఓటు లేదనడమేంటని బ్యానర్ల మీద నిలదీశారు. జూన్ 22న అరెస్టులు మొదలయ్యాయి. మొదట అరెస్టయిన ఇద్దరిలో లూసీ ఒకరు. కేసు మాత్రం ట్రాఫిక్‌కు అడ్డం నిలబడ్డారని!

జైల్లో పురుగులు పట్టిన తిండి పెట్టేవారు. అక్కడా లూసీ ఊరుకోలేదు. తమను మామూలు నేరస్తుల్లా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని ఒక వినతిపత్రం రాయించారు. గోడల్లో పైపుల చుట్టూ ఉన్న సందుల గుండా ఆ కాగితం గది నుంచి గదికి తిరిగి సంతకాలు పోగుచేసింది. సంతకం చేసినవాళ్లను ఒంటరి గదుల్లో పెట్టారు. పన్నెండేళ్ల తర్వాత లాహోర్ జైల్లో జతిన్ దాస్ 63 రోజులు అన్నం మాని ప్రాణం వదిలింది కూడా దాదాపు ఇదే డిమాండ్‌ కోసం.

నవంబరు 14న కోర్టు లూసీకి ఆరు నెలల శిక్ష వేసింది. ఆ రాత్రి ఆకోక్వాన్‌లో సూపరింటెండెంట్ విట్టేకర్ గార్డులను మహిళల మీదికి వదిలాడు. 73 ఏళ్ల మేరీ నోలన్‌ను కూడా ఈడ్చుకెళ్లారు. డోరా లూయిస్ తల ఇనుప మంచానికి తగిలి స్పృహ పోయింది. చనిపోయిందనుకుని పక్కనున్న ఆలిస్ కోసుకు గుండెపోటు వచ్చింది. ఎవరు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలియని ఆ చీకట్లో లూసీ ఒక్కొక్కరి పేరూ గట్టిగా పిలవసాగారు. ఆపమన్నారు. ఆపలేదు. ఆమె రెండు చేతులకూ బేడీలు వేసి, తలకు పైన గది తలుపుకు కట్టేశారు. ఎదుటి గదిలో ఉన్న జూలియా ఎమరీ అది చూసి, తనను ఎవరూ కట్టకపోయినా తన చేతులు కూడా అలాగే పైకెత్తి నిలబడింది.

తర్వాత నిరాహార దీక్ష. నలుగురైదుగురు కదలకుండా పట్టుకుని లూసీ ముక్కులోంచి గొట్టం దించి బలవంతంగా ఆహారం పోశారు. విషయం పత్రికలకెక్కి, కోర్టుకు చేరి, నెలాఖరుకు అందరూ విడుదలయ్యారు. 1918 మార్చిలో అప్పీలు కోర్టు అసలు ఆ అరెస్టులే చెల్లవంది. 1920 ఆగస్టులో 19వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది.

అమెరికా ఓటు ఉద్యమకారిణుల్లో అందరికంటే ఎక్కువ కాలం జైల్లో గడిపింది లూసీయే. గెలిచాక ఆమె పదవులు కోరలేదు. అలసిపోయి బ్రూక్లిన్ వెళ్లిపోయారు. ప్రసవంలో చనిపోయిన చెల్లెలి బిడ్డను పెంచారు. 1966 డిసెంబరు 22న కన్నుమూశారు.

ఆమె గెలిచిన హక్కు అందరికీ ఒకేసారి అందలేదు. దక్షిణాది నల్లజాతి మహిళలు 1965 దాకా ఆగాల్సి వచ్చింది. భారతీయులకైతే అసలు పౌరసత్వమే లేదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో చట్టం మారాకే మనవాళ్లకు ఆ తలుపు తెరుచుకుంది.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. పౌరసత్వం వచ్చిన రోజు ఫొటోలు దిగి ఇండియాకు పంపాను. ఆ నవంబరులో స్కూల్ బోర్డు ఎన్నిక వస్తే ఆఫీసులో పని ఉందని ఓటు వేయలేదు. స్కూళ్ల గురించి వాట్సాప్ గ్రూపులో వాదించడానికి మాత్రం తీరిక దొరికింది. సాయంత్రం ఫోన్‌లో మా అమ్మ ఒకటే అడిగింది, ఓటేశావా అని. మండుటెండలో లైన్లో నిలబడి ప్రతిసారీ ఓటేసే ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు.

వర్జీనియాలో ఏటా నవంబరులో ఏదో ఒక ఎన్నిక ఉంటుంది. ఓటు ఉన్నవాళ్లం ముందు అది వేద్దాం. ఇంకా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కూడా పిల్లలకు ఈ కథ చెప్పొచ్చు. ఆ పిల్లల్లో చాలామంది ఇక్కడ పుట్టిన ఓటర్లే. లోర్టన్‌లోని ఆ పాత జైలు ఇప్పుడు వర్క్‌హౌస్ ఆర్ట్స్ సెంటర్. అందులోనే లూసీ బర్న్స్ మ్యూజియం ఉంది. దగ్గర్లో ఆకోక్వాన్ రీజనల్ పార్కులో 2021లో ప్రారంభించిన స్మారకం ఉంది. హెర్న్‌డన్ నుంచి కారులో గంట పట్టదు. ఒక శనివారం పిల్లలను తీసుకెళ్లండి. ఆ రాత్రి లూసీ పిలిచిన పేర్లలో ఒకటో రెండో వాళ్లకు గుర్తుండిపోతే చాలు.